కాలిపోయిన బిల్డింగులోకి సర్వేకి వెళ్ళాలి, తడి రుమాలు సరిపోతుందా?

పట్టువీధి_కుర్రాడు
ఒడిశా బరంపురంలో ఒక సర్వేయరు గారి దగ్గర చేరి మూడు నెలలైంది. ఇన్సూరెన్సు క్లెయిముల పని. ఇన్నాళ్ళూ గుద్దుకున్న కార్లు, వానకి తడిసిన సరుకు చూసుకుంటూ హాయిగా ఉన్నాను. మొన్న బుధవారం రాత్రి ఒక బట్టల కొట్టు కాలింది. కింద కొట్టు, మొదటి అంతస్తులో పట్టుచీరల గోదాము, ఆ పైన ఓనరు ఇల్లు. ఇంటివాళ్ళందరూ పెళ్ళికి వెళ్ళారు కాబట్టి ప్రాణాలకి ఏమీ కాలేదు. గురువారం పొద్దున్న దమకల (ఫైరింజను) బండ్లు వెళ్ళిపోగానే గురువుగారు నా చేతికి కెమెరా, టేపు ఇచ్చి, "మొహానికి తడి రుమాలు కట్టుకుని ఫొటోలు తీసుకురా" అన్నారు. నలభై నిమిషాలు లోపల ఉన్నాను. బయటికి వచ్చేసరికి తల పగిలిపోతోంది, కడుపులో తిప్పేస్తోంది. గురువుగారు నవ్వి, "కొత్తలో అందరికీ అంతే, నిమ్మసోడా తాగు" అన్నారు. సోమవారం మళ్ళీ వెళ్ళి గోదాములో మంట ఎక్కడ మొదలైందో చూడాలట. మంట ఆరిపోయాక ఇంకా అక్కడ ఏముంటుంది? నాదే సున్నితం ఒళ్ళా?

పర్లాకిమిడి_విలేకరి
పదిహేనేళ్ళుగా ఇలాంటి చోట్లకి వెళ్తున్నాను తమ్ముడూ. నాకెప్పుడూ ఏమీ కాలేదు. పొద్దున్నే టిఫిన్ తినకుండా వెళ్ళి ఉంటావు.

ఇచ్ఛాపురం_లీడింగ్
టిఫిన్ సంగతి పక్కన పెట్టండి విలేకరి గారూ. ముప్పై ఏళ్ళు ఫైరు సర్వీసులో చేసి లీడింగ్ ఫైర్‌మన్‌గా రిటైరయ్యాను (మీరు దమకల అంటారు, సరిహద్దుకి ఇవతల ఆంధ్రలో మేము ఫైరింజను అంటాం, నీళ్ళు ఒకటే). మంట ఎగిసేటప్పుడు మేము భయంతో జాగ్రత్తగా ఉంటాం, వీపున గాలి సిలిండరు ఉంటుంది. మంట అణిగాక అందరూ మాస్కు తీసేసి బీడీ వెలిగిస్తారు. అసలు విషం ఊరేది అప్పుడే. మంట లేవకుండా లోపల కుములుతున్న సరుకు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఎర్ర రక్తకణాల్లో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే రెండొందల రెట్లు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తడి రుమాలు మసిని కాస్త ఆపుతుందేమో, గ్యాసుని ఆపదు. నీ ఒళ్ళు సున్నితం కాదు బాబూ, నీ ఒళ్ళు నీకు ఫిర్యాదు చేసింది.

కొరాపుట్_నర్సమ్మ
తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, కళ్ళు తిరగడం. సీఓ (కార్బన్ మోనాక్సైడ్) పీల్చినవాళ్ళు చెప్పే మొదటి మాటలు ఇవే. చాలామంది దీన్ని పైత్యం అనుకుని పడుకుంటారు. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరు చూసుకుని 98 ఉంది కదా అని ధైర్యపడకు. ఆ మీటరుకి ఆక్సిజన్ పట్టుకున్న రక్తానికీ సీఓ పట్టుకున్న రక్తానికీ తేడా తెలియదు, రెంటినీ కలిపి మంచి అంకె చూపిస్తుంది. రక్తపరీక్ష చేస్తేనే తెలుస్తుంది. మామూలు గాలిలో ఒంట్లోని సీఓ సగం తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, ఆస్పత్రిలో మాస్కుతో ఆక్సిజన్ పెడితే గంట, గంటన్నర. ఇప్పుడు ఎలా ఉంది? గుండె దడ, మతిమరుపులా ఏమైనా ఉంటే ఇక్కడ చదవడం ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళు.

పట్టువీధి_కుర్రాడు
సాయంత్రానికి తగ్గిపోయింది అక్కా. ఇప్పుడు బాగానే ఉంది. నిమ్మసోడా వల్లే అని గురువుగారి నమ్మకం.

రాయగడ_కరెంటు
నిమ్మసోడాకి ఇన్సూరెన్సు ఉందేమో కనుక్కో.

గాజుసీసా
ఫోరెన్సిక్ ల్యాబులో పని చేస్తాను, ఏ ఊరో అడక్కండి. గోదాములో పట్టుచీరలు అన్నావు కదా, దాని మీద ఎవరూ ఏమీ అనలేదు. పట్టు, ఉన్ని, నైలాను, సోఫాల్లో వేసే ఫోము, వీటన్నిట్లో నత్రజని ఉంటుంది. కాలితే హైడ్రోజన్ సయనైడ్ పుడుతుంది. కొందరికి చేదు బాదం వాసనలా తెలుస్తుంది, కొందరి ముక్కుకి అసలు అందదు, అది పుట్టుకతో వచ్చే తేడా. వాసన రాలేదని లోపలికి వెళ్ళకూడదని దీని అర్థం. ఇక పీవీసీ వైర్లు, చీరల కవర్లు కాలితే యాసిడ్ గ్యాసు, కళ్ళూ గొంతూ మండుతాయి. అది కొంత నయం, మండుతుంది కాబట్టి మనిషి బయటికి పరిగెడతాడు.

పలాస_పిక్క
జీడిపిక్కల ఫ్యాక్టరీ కాలితే చూడాలి మీరు. పొట్టులో నూనె ఉంటుంది, దాని పొగ తగిలినా, నూనె అంటిన బూడిద ముట్టుకున్నా చేతుల మీద బొబ్బలు. మా ఊళ్ళో పిక్కలు వలిచే ఆడవాళ్ళ వేళ్ళు చూస్తే తెలుస్తుంది. ఏం కాలిందో తెలుసుకోకుండా గుమ్మం దాటకూడదు అని మా నాన్న అనేవారు.

జయపురం_సివిల్
ఊపిరి సంగతి పెద్దలు చెప్పారు. నేను నెత్తి మీద పడేవాటి గురించి చెప్తాను.

పాత పట్టువీధి ఇల్లా, కొత్త స్లాబా? పాతదైతే టేకు దూలాల మీద ఇటుకలు పేర్చిన మిద్దె అయి ఉంటుంది. దూలం పైకి నల్లగా బొగ్గు పట్టి గట్టిగానే కనిపిస్తుంది, గోడలో దిగిన కొస మాత్రం లోపలే కాలిపోయి ఉంటుంది. అది ఎప్పుడు జారుతుందో దేవుడికే తెలియాలి. స్లాబు అయితే ముందు కింద నిలబడి టార్చి వేసి రంగు చూడు. కాంక్రీటు సుమారు 300 డిగ్రీలు దాటితే చాలాసార్లు గులాబీ రంగుకి తిరుగుతుంది, అక్కడి నుంచి బలం తగ్గుతూ పోతుంది. ఇంకా కాలితే పాలిపోయిన బూడిద రంగు. పెచ్చులు ఊడి చువ్వలు బయటపడితే ఆ గదిలోకి వెళ్ళకు. ఇనుము 550 డిగ్రీల దగ్గర సగం బలం పోగొట్టుకుంటుంది. చల్లారాక నిటారుగా కనిపించినా దాన్ని నమ్మకూడదు.

మరొకటి. ఇనుప దూలం వేడికి సాగుతుంది. పది మీటర్ల దూలం 500 డిగ్రీలు వేడెక్కితే ఆరు సెంటీమీటర్లు పొడుగవుతుంది. ఆ ఆరు సెంటీమీటర్లు గోడని బయటికి తోస్తాయి. తర్వాత దూలం చల్లబడి వెనక్కి వస్తుంది, గోడ రాదు. అందుకే లోపలికి వెళ్ళేముందు బిల్డింగు చుట్టూ ఒక ప్రదక్షిణం చెయ్యాలి. గోడ ఎత్తుకి ఒకటిన్నర రెట్ల దూరం నుంచి.

నీళ్ళ బరువు కూడా లెక్క వెయ్యి. ఒక్కో బండిలో సాధారణంగా 4500 లీటర్లు. రెండు బండ్లు కొడితే తొమ్మిది టన్నులు. కొంత కిందికి కారిపోతుంది సరే, మిగతాది చీరల మూటలే పీల్చుకుంటాయి. నువ్వు ఆ మూటల పక్కన నిలబడి ఫొటో తీసి ఉంటావు, నీ కాళ్ళ కింద ఉన్నది ఉడికిన స్లాబు.

పట్టువీధి_కుర్రాడు
మూటల పక్కన కాదు సార్, మూట ఎక్కి తీశాను. యాంగిల్ రాలేదని.

జయపురం_సివిల్
😐

పర్లాకిమిడి_విలేకరి
ఇంత భయపెడితే పిల్లాడు ఉద్యోగం మానేస్తాడు. దేశంలో రోజూ ఎన్నో కాలుతున్నాయి, ఎవరో ఒకరు లోపలికి వెళ్ళి చూడాలి కదా. పోలీసు వాళ్ళు చెప్పులేసుకుని వెళ్ళి పంచనామా రాసుకుని వస్తున్నారు.

ఇచ్ఛాపురం_లీడింగ్
వెళ్ళొద్దని ఎవరన్నారు? నాతో పాటు చేరినవాళ్ళలో ఇద్దరు ఊపిరితిత్తుల జబ్బుతోనే పోయారు, ఇద్దరికీ బీడీ అలవాటు లేదు. అది మంట వల్లే అని నేను రుజువు చెయ్యలేను. కానీ 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం ఫైర్‌మన్ ఉద్యోగాన్నే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది. పొగాకు, ఆస్బెస్టాస్ ఉన్న వర్గం అది. మాకు ఎవరూ చెప్పలేదు.

కొరాపుట్_నర్సమ్మ
మసి గురించి 1775లోనే లండన్ సర్జన్ పెర్సివల్ పాట్ రాశాడు. పొగగొట్టాలు తుడిచే పిల్లలకి పెద్దయ్యాక వచ్చే క్యాన్సర్‌కి మసే కారణం అని. రెండొందల యాభై ఏళ్ళ నాటి మాట. మనవాళ్ళు ఆ మసి చేతులతోనే ఖైనీ నలిపి పెదవి కింద పెడతారు.

రాయగడ_కరెంటు
ఇప్పుడు నా వంతు. కరెంటు తీశారా అంటే అందరూ "ఫీజు పీకేశాం" అంటారు. ఎవరి ఫీజు, ఎక్కడి ఫీజు? మీటరు దగ్గర మెయిను ఆపితే మీటరు దాకా వచ్చే సర్వీసు వైరు బతికే ఉంటుంది. స్తంభం దగ్గర విప్పించాలి, లైన్‌మన్ విప్పింది నీ కళ్ళతో చూడాలి. నాకు ఒకసారి కాలిన ఇంట్లోనే షాకు కొట్టింది. స్తంభం దగ్గర విప్పిందీ నేనే, షాకు తిన్నదీ నేనే. కార్తీకమాసం లైట్ల కోసం పక్కింటి నుంచి వైరు లాగారు, ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. గోడ అంతా తడి, ముట్టుకోగానే మోచేయి దాకా లాగింది.

ఇన్వర్టర్ ఉందా చూడు. జెనరేటరు ఉందా చూడు. మేడ మీద సోలారు పలకలు ఉంటే ఎండ ఉన్నంతసేపూ అవి కరెంటు ఇస్తూనే ఉంటాయి, వరసగా కలిపిన పలకలయితే వందల ఓల్టులు. దానికి ఫీజు పీకేది సూర్యభగవానుడే. టెస్టరు వెలగలేదని చెయ్యి పెట్టకు.

జయపురం_సివిల్
మెట్ల కింద ఏముందో చూశావా? కొట్టువాళ్ళు అక్కడే అన్నీ దాస్తారు.

పట్టువీధి_కుర్రాడు
ఓనరు అబ్బాయి ఎలక్ట్రిక్ స్కూటరు ఉంది సార్. సీటు, ముందు భాగం కాలాయి, బ్యాటరీ పెట్టె వంకర తిరిగింది కానీ పూర్తిగా కాలలేదు. మెట్లు అక్కడి నుంచే కాబట్టి దాని పక్కగానే ఎక్కాను. ఛార్జింగు పెట్టి ఉందట. గురువుగారు మంట అక్కడే మొదలైందా, పైన గోదాములో వైరింగులోనా అని చూస్తున్నారు.

ఇచ్ఛాపురం_లీడింగ్
ఇది మొదటి పోస్టులో చెప్పాల్సిన మాట! లిథియం బ్యాటరీ సగం కాలి ఆగిందంటే ఆరిపోయిందని కాదు. లోపల దెబ్బతిన్న సెల్లు గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత మళ్ళీ అంటుకుంటుంది. అప్పుడు నువ్వు పై అంతస్తులో ఉంటే దిగడానికి ఉన్న ఒక్క దారిలో మంట. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఈ-బైకుల షోరూమ్‌లో మొదలైన మంటకి, పైన లాడ్జిలో ఉన్న 8 మంది పోయారు. ఎక్కువమందికి మంట తగల్లేదు, మెట్లదారిలో పొగ పైకి లేచింది. ముందు ఆ స్కూటరుని ఫైరు వాళ్ళ చేత బయట ఖాళీ స్థలంలోకి తీయించాలి. మీరు ముట్టుకోవద్దు.

గాజుసీసా
తీసే ముందు ఉన్నచోట ఉన్నట్టే అన్ని వైపుల నుంచీ ఫొటోలు, కొలతలు తీయించండి, లేకపోతే రేపు మంట ఎక్కడ పుట్టిందనే ప్రశ్నకి జవాబే దొరకదు. జూమ్ చేసి దూరం నుంచి తీయొచ్చు. ఆ బ్యాటరీ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు ఉంటుంది, దాని ముందు మామూలు మాస్కు లెక్కలోకి రాదు.

ఇంకో మాట. గోదాములో బూడిద తవ్వి ప్లాస్టిక్ కవరులో వేసుకురావడం మీ సర్వేయర్లకి అలవాటు. కిరోసిన్, పెట్రోలు ఆవిరి పాలిథిన్ కవరులోంచి బయటికి పోతుంది, పక్క కవరులోకి కూడా పోతుంది. అనుమానం ఉంటే కొత్త పెయింటు డబ్బా, లేదా గట్టి మూత ఉన్న గాజుసీసా. మూడింట రెండు వంతులు నింపి పైన ఖాళీ వదలాలి. ఒక్కో చోటికి కొత్త గ్లవ్సు. అసలు అది నీ పని కాదు. ఎవరైనా అంటించారని కేసయితే, 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త బీఎన్ఎస్ఎస్ చట్టం (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చింది) సెక్షన్ 176(3) ప్రకారం ఏడేళ్ళు, ఆ పైన శిక్ష ఉండే నేరాలకి ఫోరెన్సిక్ నిపుణులు చోటుకి రావాలి. రాష్ట్రాలు దీన్ని అమలు చేసుకోవడానికి ఐదేళ్ళ గడువుంది. అయినా మీ ఠాణా వాళ్ళని అడిగి, వాళ్ళు ముగించాకే వెళ్ళండి.

గుణుపురం_మిల్లు
అందరూ పట్టు, బ్యాటరీ అంటున్నారు, నేను ఊక గురించి చెప్తాను. మా రైసుమిల్లు వెనక ఊక గుట్ట అంటుకుంది. నాలుగు రోజులు నీళ్ళు కొట్టాం. ఐదో రోజు పైన తెల్లటి బూడిద, చెయ్యి పెడితే చల్లగా ఉంది. పనివాడొకడు ఎక్కాడు. కాలు మోకాలి దాకా దిగిపోయింది, లోపల బోలుగా అయిపోయి నిప్పులు కణకణలాడుతున్నాయి. ఆర్నెల్లు మంచంలో ఉన్నాడు. ఆ తర్వాత నుంచి మా మిల్లులో పొడుగాటి ఇనుప చువ్వ ఒకటి పెట్టాం, ముందు చువ్వ గుచ్చి ఒక నిమిషం ఉంచి తీసి పట్టుకుని చూస్తాం.

బల్లార్షా_బాబాయి
చంద్రపూర్ వైపు జిన్నింగు మిల్లుల్లో పత్తి బేళ్ళూ అంతే. బయట నల్లగా తడిసి ముద్దయి ఉంటుంది. వారం తర్వాత కట్టు తెంపగానే లోపల ఎర్రగా. గాలి తగలగానే భగ్గుమంటుంది. చీరల మూటలు కూడా గట్టిగా కట్టినవే కదా. మూటలు విప్పితే ఆరుబయటే విప్పండి.

పట్టువీధి_కుర్రాడు
సరే, మంచి మాస్కు కొంటాను. ఆన్‌లైన్‌లో రెండు గుండ్రటి ఫిల్టర్లు ఉన్నది చూశాను. అది పెట్టుకుంటే చాలు కదా?

గాజుసీసా
సగం చాలు. ధూళికీ, కొన్ని ఆవిర్లకీ, యాసిడ్ గ్యాసులకీ సరైన కార్ట్‌రిజ్ కొంటే పనిచేస్తుంది. సీఓని ఆ ఫిల్టర్లు ఆపవు. ఆక్సిజన్ తక్కువుంటే పుట్టించవు. అందుకే మాస్కుతో పాటు నాలుగు గ్యాసుల మీటరు ఉండాలి. ఆక్సిజన్ 20.9 శాతం ఉండాలి, 19.5 కంటే తగ్గితే వెనక్కి. సీఓ 35 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకి 35) దగ్గర చాలా మీటర్లు కూస్తాయి, కూయగానే బయటికి. అందులో సయనైడ్ సెన్సారు మామూలుగా ఉండదు, విడిగా అడగాలి. అగ్ని పరిశోధకుల అంతర్జాతీయ సంఘం మంట ఆరిన 72 గంటలు దాటాకే చోటు చల్లారినట్టు లెక్క వేస్తుంది. నువ్వు వెళ్ళింది బండ్లు వెళ్ళిపోగానే.

అన్నట్టు, గడ్డం ఉందా నీకు? గడ్డం ఉంటే మాస్కు చర్మానికి బిగదు, పక్క నుంచి అంతా లోపలికి వస్తుంది.

పట్టువీధి_కుర్రాడు
అయ్యప్ప మాలలో ఉన్నాను. ఇంకా ఇరవై రెండు రోజులు ఉంది.

రాయగడ_కరెంటు
స్వామి శరణం! అయితే గురువారం ఏ కాళ్ళతో వెళ్ళావు స్వామీ?

పట్టువీధి_కుర్రాడు
ఉత్తి కాళ్ళతోనే స్వామీ.

జయపురం_సివిల్
మేకులు, గాజు పెంకులు, వేడి బూడిద, కరెంటు, స్లాబు... నేను టీ తాగి వస్తాను.

కొరాపుట్_నర్సమ్మ
టీటీ ఇంజెక్షను ఎప్పుడు వేయించుకున్నావు? ఐదేళ్ళు దాటి ఉండి కాలికి గీత పడితే రేపే వెళ్ళు. పాదాలు చూసుకో. తడిసిన కట్టె బూడిదలో క్షారం ఉంటుంది, సున్నంలా చర్మాన్ని తింటుంది, మొదట నొప్పి కూడా తెలియదు.

గుణుపురం_మిల్లు
మా గురుస్వామి బాయిలరు దగ్గర పనిచేసే స్వాములకి డ్యూటీలో బూట్లకి ఒప్పుకుంటారు, ఇంటికొచ్చి స్నానం చేసి మళ్ళీ ఉత్తి కాళ్ళు. మీ గురుస్వామిని అడుగు. గడ్డం తీయడానికి మాత్రం ఒప్పుకోరు.

పలాస_పిక్క
అందరు గురుస్వాములూ ఒప్పుకోరు. మా వాళ్ళయితే ఆ పనే మానుకోమంటారు, మాల నలభై ఒక్క రోజులే కదా. నాకు అదే సరి అనిపిస్తుంది.

ఇచ్ఛాపురం_లీడింగ్
గడ్డం తీయొద్దు, లోపలికీ వెళ్ళొద్దు. బయట నిలబడే మనిషి ఎలాగూ ఒకరు కావాలి. ఎవరు ఏ గదిలో ఉన్నారు, ఎన్నింటికి వెళ్ళారు, పిలిస్తే పలుకుతున్నారా చూసుకోవడం చిన్న పని కాదు. పదిహేను నిమిషాలకోసారి పిలువు. పలక్కపోతే నువ్వు పరిగెత్తి లోపలికి వెళ్ళకు, 112కి చెయ్యి. కాపాడ్డానికి వెళ్ళినవాడు పక్కనే పడిపోవడం నేను చూశాను. గడ్డం లేని మీ గురువుగారు లోపలికి వెళ్ళొచ్చు కదా? నా దగ్గర ట్రైనింగు తీసుకున్న కుర్రాడొకడు బరంపురంలోనే ఉన్నాడు, వాడి చేత మీటరు రోజు కిరాయికి ఇప్పిస్తాను. మెసేజి పెట్టు.

పర్లాకిమిడి_విలేకరి
గురువుగారిని లోపలికి పంపి శిష్యుడు బయట కూర్చోవడమా, బాగుంది.

రాయగడ_కరెంటు
విలేకరి గారూ, పదిహేనేళ్ళలో మీరు ఎన్ని కాలిన గదుల్లోకి వెళ్ళారో చెప్పండి.

పర్లాకిమిడి_విలేకరి
నేను గేటు దగ్గర బైటు తీసుకుంటాను. ఫొటో టెలీలెన్సుతో.

గాజుసీసా
😂 మొత్తం ఈ చర్చలో సరైన పద్ధతి పాటిస్తున్నది మీరొక్కరే.

పట్టువీధి_కుర్రాడు
సోమవారం ఏమైందో చెప్తాను. ఆదివారం రాత్రి గురువుగారికి ఫోన్ చేసి గడ్డం గురించి చెప్పాను. సీఓ, సయనైడ్ అంటే వినలేదు కానీ, స్కూటరు మళ్ళీ అంటుకుంటే మనం ఇద్దరం మేడ మీద ఉంటాం అంటే కాసేపు మాట్లాడలేదు. పొద్దున్న దమకల వాళ్ళు వచ్చి స్కూటరుని ఎదుటి ఖాళీ స్థలంలో పెట్టారు. లైన్‌మన్ స్తంభం దగ్గర విప్పాడు, నేను వీడియో తీశాను. జయపురం సార్ చెప్పినట్టు చుట్టూ తిరిగితే వెనక గోడ పైభాగం బయటికి వాలి ఉంది. గురువారం నేను దాని కిందే నిలబడి టేపు పట్టాను. ఆ వైపు తాడు కట్టించాం.

గురువుగారు బూట్లు, మాస్కు, హెల్మెట్టు వేసుకుని మీటరు జేబుకి తగిలించుకుని వెళ్ళారు. నేను బయట వాచీ చూస్తూ. పదకొండు నిమిషాలకి మీటరు కూత రోడ్డు దాకా వినిపించింది, ఆ వెనకే గురువుగారు. నేను ఆయన్ని అంత వేగంగా ఎప్పుడూ చూడలేదు. మూల నున్న మూటని చువ్వతో కదిపారట, అంతే. మీటరులో సీఓ 140 చూపించింది. కూలీలు తలుపులు, కిటికీలు తీసి ఉంచారు, మళ్ళీ గురువారం వెళ్దాం అన్నారు గురువుగారు. మంట ఎక్కడ మొదలైందో ఇంకా తెలియదు.

కొరాపుట్_నర్సమ్మ
ఆయనకి తలనొప్పి ఉందా?

పట్టువీధి_కుర్రాడు
లేదక్కా. అయినా నిమ్మసోడా తెప్పించుకున్నారు.

రాయగడ_కరెంటు
మీటరు కిరాయి ఎవరు కట్టారు?

పట్టువీధి_కుర్రాడు
ప్రస్తుతానికి నేనే. బిల్లు ఇచ్చాను, "క్లెయిము పెట్టు, సర్వే చేస్తాను" అన్నారు.